మీకు తెలుసా? ఆఫీసు పలక్కపోతే దానికీ ఒక అర్థముంది

జిలేబీ బండికి చట్టం ఇచ్చిన మాట

తెనాలి బెల్లం జిలేబీ రుచి ఎరగనివాళ్లు మన వైపు తక్కువ. మూకుడు ముందు నిలబడి ఆ జిలేబీ వేసే మనిషికి చట్టం ఒక మాట ఇచ్చింది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

తినుబండారం అమ్మే ప్రతివారికీ వర్తించే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద లైసెన్సులు, రిజిస్ట్రేషన్ల నియమాలు 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాయి. బండివాళ్లకు, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేవాళ్లకు, ఇంట్లో కొద్దిగా చేసి అమ్ముకునేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదని చట్టంలోని 31వ సెక్షనే చెబుతుంది. వాళ్లకు రిజిస్ట్రేషన్ చాలు. 2011 నియమాలు గీసిన గీత ఏడాదికి 12 లక్షల రూపాయల అమ్మకం. రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఈ పరిమితులు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు పోర్టల్‌లో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. తెలియనిది ఆ నియమాల్లోనే కాస్త కిందుగా ఉన్న వాక్యం. దరఖాస్తు అందిన 7 రోజుల్లోగా అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదంటే కారణం రాసి తిరస్కరించాలి, అదీ కాకపోతే తనిఖీకి వస్తున్నానని నోటీసు ఇవ్వాలి. 7 రోజుల్లో ఈ మూడింట్లో ఏదీ జరక్కపోయినా, 30 రోజుల్లో నిర్ణయం చేరకపోయినా, చిన్న వ్యాపారి తన పని మొదలుపెట్టుకోవచ్చు. శుభ్రత నియమాలు మాత్రం మొదటి రోజు నుంచీ పాటించాలి.

లైసెన్సు కావలసిన హోటళ్లు, మిఠాయి దుకాణాలు, పప్పు మిల్లుల విషయంలోనూ చట్టం ఇలాగే మాట్లాడింది. దరఖాస్తు పెట్టి 2 నెలలు గడిచినా లైసెన్సు ఇవ్వక, తిరస్కరించనూ తిరస్కరించక ఊరుకుంటే వ్యాపారం మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత అధికారికి లైసెన్సు కాదనే హక్కు లేదు. లోపాలు కనిపిస్తే సరిదిద్దుకోమని నోటీసు ఇవ్వగలడు, అంతవరకే.

పర్మిట్ల కోసం తిరగలేక చిన్న వ్యాపారులు పెట్టుకున్న మొరకు మన ప్రభుత్వాలు చెప్పిన జవాబుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నేను పలక్కపోతే నువ్వు ఆగనక్కర్లేదు అని ప్రభుత్వమే రాసిచ్చింది. అలా రాసిచ్చిన సంగతి ఆ బండి దాకా చేరకపోవడమే నాకు బాధ.

పిన్ని అడగని రసీదు

మా వీధిలో ఒక పిన్ని ఉంది. ఆవకాయ, గోంగూర, ఉసిరికాయ పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. మూడేళ్ల కిందట ఒక తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయించుకుని, ఆధార్ జిరాక్సు జతచేసి ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చింది. అది ఏ ఆఫీసో, ఏ ఊళ్లోనో ఇక్కడ అవసరం లేదు. మూడు నెలలు ఏ కబురూ లేదు. వెళ్లి అడిగితే అలాంటి కాగితమే రాలేదన్నారు.

"పిన్నీ, ఇచ్చినప్పుడు రసీదు తీసుకోలేదా?"

"అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను నాన్నా."

7 రోజులు, 30 రోజులు, 2 నెలలు అని చట్టం లెక్కపెట్టేది దరఖాస్తు అందిన రోజు నుంచి. అందినట్టు ఆధారం లేకపోతే లెక్క మొదలే కాదు. ఇనిషియల్సు, తారీఖు, స్టాంపు, నెంబరు ఉన్న ఒక చీటీ ముక్క చాలు. ఆన్‌లైన్‌లో పెడితే ఆ నెంబరు దానంతటదే వస్తుంది. మీసేవ వచ్చి ఇన్నేళ్లయినా (2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మొదలైంది), 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు తెరిచినా, మన ఊళ్లలో చేత్తో కాగితం ఇచ్చి దండం పెట్టి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. రసీదు అడిగితే కోపం వస్తుందేమోనన్న భయం ఒక్కరోజులో పుట్టింది కాదు.

ఇది మీ తాతల నాటి మాటే

ఆఫీసు పలక్కపోతే అనుమతి ఇచ్చినట్టే అన్నది కొత్త ఆలోచన అనుకుంటాం. తెనాలి మున్సిపాలిటీ 1909లో ఏర్పడింది. 1920లో మద్రాసు ప్రభుత్వం జిల్లా మున్సిపాలిటీల చట్టం తెచ్చింది. అప్పట్లో గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది కాబట్టి తెనాలి వ్యాపారికీ అదే చట్టం. అనుమతి కోసమో లైసెన్సు కోసమో పెట్టుకున్న దరఖాస్తు మీద గడువులోగా ఉత్తర్వు అందకపోతే దాన్ని మంజూరైనట్టే భావించాలని ఆ చట్టంలో రాసి ఉంది. అంటే వందేళ్ల కిందట తెనాలిలో నూనె గానుగ పెట్టుకోవాలనుకున్నవాడికి కూడా ఈ హక్కు ఉండేది. బాపట్ల 1951లో, రేపల్లె 1956లో మున్సిపాలిటీలయ్యాయి. 1965లో ఆంధ్రప్రదేశ్ తన సొంత మున్సిపాలిటీల చట్టం చేసుకునేదాకా ఈ పట్టణాలు నడిచింది ఆ పాత చట్టం నీడలోనే.

ఆ చట్టం మనకు వదిలివెళ్లిన పేరు ఒకటి ఇప్పటికీ మున్సిపల్ ఆఫీసుల్లో వినిపిస్తుంది: డి అండ్ ఓ ట్రేడ్. డేంజరస్ అండ్ అఫెన్సివ్ అన్న మాటలకు పొట్టిపేరు. ప్రమాదకరమైన, జనానికి ఇబ్బంది కలిగించే వ్యాపారం అని అర్థం. సున్నం, ఇటుక, సబ్బు, నూనె, కలప, తోలు లాంటి పనులు ఊరి మధ్య చేస్తే పొగ, కంపు, నిప్పు భయం ఉంటాయని ఒక జాబితా కట్టి, వాటికి లైసెన్సు ఉండాలన్నారు. ఆ జాబితా పెరుగుతూ పోయింది. ఈ రోజు మనం ట్రేడ్ లైసెన్స్ అనేది 1965 చట్టంలో 263వ సెక్షన్ కింద ఇచ్చే ఆ డి అండ్ ఓ లైసెన్సునే. బతుకుతెరువు కోసం మిషను పెట్టుకున్నవాడి కాగితం మీద ప్రమాదకరం అన్న మాట ఉండడం నాకైతే మనస్కరించదు. ఈ పేరు మార్చడానికి రూపాయి ఖర్చు లేదు.

పరదేశంలో

పలక్కపోతే మంజూరైనట్టే అన్న మన పాత మాటకు నేరుగా వ్యతిరేకమైన సూత్రం ఫ్రాన్సులో చాలాకాలం నడిచింది. ఆఫీసు పలక్కపోతే కాదన్నట్టే. 2013 నవంబరులో చట్టం చేసి, 2014 నవంబరు నుంచి దాన్ని తిరగేశారు. రెండు నెలలు పలక్కపోతే ఔనన్నట్టే అన్నారు. కాకపోతే మినహాయింపుల పట్టిక చాంతాడంత. ఫిలిప్పీన్స్ 2018లో చేసిన చట్టం ఇంకా సూటిగా ఉంది. సులువైన పనికి 3 పనిదినాలు, చిక్కు పనికి 7, మరీ సాంకేతికమైనదానికి 20. అవి దాటితే మంజూరైనట్టే. అంకెలు మూడే కావడంతో చేపలమ్మే మనిషి కూడా గుర్తుపెట్టుకోగలదు. మన దగ్గర ఒక్కో శాఖకు ఒక్కో గడువు, ఒక్కో లెక్క.

మన దేశానికి వస్తే, జీఎస్టీలో కూడా ఇదే సూత్రం ఉంది. ఆధార్ ధ్రువీకరణ చేసుకున్న దరఖాస్తు మీద అధికారి 7 పనిదినాల్లో ఏ చర్యా తీసుకోకపోతే రిజిస్ట్రేషన్ మంజూరైనట్టే. పెద్దగా అనుమానం అక్కర్లేని చిన్నవాళ్లకు 3 పనిదినాల్లోనే ఇచ్చే పద్ధతి 2025 నవంబరు 1 నుంచి మొదలుపెట్టారు. ఇంకో తేడా చూడండి. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే గీతను 2019 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు పెంచింది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. తెనాలిలో ఒక కిరాణా కొట్టు, ఖమ్మంలో అంతే అమ్మకమున్న ఇంకో కిరాణా కొట్టు ఈ విషయంలో వేరువేరు.

పీవీ తెరిచిన తలుపు, తోపుడు బండి

1991 జులై 24న కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకు వచ్చింది. పరిశ్రమల శాఖను అప్పుడు ప్రధాని పీవీ నరసింహారావు తన దగ్గరే పెట్టుకున్నారు. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి ఢిల్లీ లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. లైసెన్సుల రాజ్యం పోయిందని మనమంతా సంతోషించాం, సంతోషించదగిందే. కానీ ఆ రోజు పోయింది పెద్ద ఫ్యాక్టరీల లైసెన్సు. తెనాలి గాంధీచౌక్‌లో జామకాయల బండికి, బాపట్ల స్టేషను బయట ఇడ్లీ బండికి దానితో సంబంధం లేదు. ఫుట్‌పాత్ మీద వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కుల్లోదేనని, దాన్ని క్రమబద్ధం చేయవచ్చని 1989లోనే సుప్రీంకోర్టు సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. ఆ మాట చట్టంగా మారి బండివాళ్ల దగ్గరకు రావడానికి 2014 మే 1 దాకా పట్టింది.

ఆ వీధి వ్యాపారుల చట్టంలో ఏముందో తీరిగ్గా చెప్పుకుందాం, ఎందుకంటే తెనాలి, బాపట్ల, రేపల్లె, మన ఈ మూడు ఊళ్లలో ఎక్కువమందికి అక్కరకొచ్చేది ఇదే.

సర్వే పూర్తిచేసి అర్హులందరికీ విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సర్వే కనీసం అయిదేళ్లకోసారి జరగాలి. ఖాళీ చేయించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎక్కడ అమ్మవచ్చో ఎక్కడ కూడదో తేల్చడంలో టౌన్ వెండింగ్ కమిటీ మాట తీసుకోవాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది బండివాళ్లే, అదీ వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఆ బండివాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి.

సరుకు పట్టుకుపోతే? జాబితా రాసి కాపీ చేతికివ్వాలి. కుళ్లిపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. మిగతాదైతే 2 పనిదినాల్లో ఇవ్వాలి. టమాటాలు, అరటిపళ్లు, చేపలు ఏ రకంలోకి వస్తాయో ఎవరూ వివరించక్కర్లేదు. బండి యజమాని చనిపోయినా, మంచానపడి లేవలేకపోయినా ఆ ధ్రువపత్రం గడువు తీరేదాకా భార్యో, భర్తో, ఆధారపడిన బిడ్డో అదే చోట అమ్ముకోవచ్చు. ఈ క్లాజు రాసినవాళ్లెవరో గాని ఒక బండి వెనక ఉండే ఇంటిని చూసి రాశారు.

తగాదాలు తీర్చే కమిటీకి అధ్యక్షుడు మున్సిపల్ ఉద్యోగి కాకూడదు. సివిల్ జడ్జిగానో మేజిస్ట్రేటుగానో పనిచేసినవాళ్లు ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు సరిగ్గా నడిస్తే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం. అడిగే చోటు, ఆపిన చోటు ఒకటే అయితే చిన్నవాడు అడగడు.

అప్పుల సంగతి రెండు మాటల్లో. కరోనా రోజుల్లో, 2020 జూన్ 1న, పీఎం స్వనిధి మొదలైంది. మొదటి విడత 10,000 రూపాయలు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దాన్ని 2030 మార్చి దాకా పొడిగిస్తూ విడతలను 15,000, 25,000, 50,000 చేసింది. సర్వేలో పేరు లేనివాళ్లకు మున్సిపాలిటీ ఇచ్చే సిఫారసు లేఖతో కూడా ఆ అప్పు దొరికే దారి పెట్టారు. రాష్ట్రం కూడా 2020 నవంబరులో చిన్న వ్యాపారులకు వడ్డీ భారం లేని 10,000 రూపాయల అప్పులు మొదలుపెట్టింది. బండివాడికి మొదటిసారి ప్రభుత్వ కాగితం మీద వీధి వ్యాపారి అని పేరు పడింది చాలాచోట్ల ఈ అప్పుల వల్లనే.

మిఠాయి ట్రేలో తారీఖు

విడిగా అమ్మే మిఠాయిల మీద కూడా తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో చెప్పే తేదీ రెండూ పెట్టాలని 2020 ఫిబ్రవరిలో ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. పూటకో వాయి తీసే చిన్న దుకాణాలకు ప్రతి ట్రేకి రెండు తేదీలు మార్చడం కష్టమని వ్యాపారులు మొరపెట్టుకున్నారు. గడువు ఒకటికి రెండుసార్లు జరిగింది. చివరికి 2020 అక్టోబరు 1 నుంచి, ఎన్నాళ్లలోపు తినాలన్న తేదీ తప్పనిసరి చేశారు. తయారీ తేదీని దుకాణదారు ఇష్టానికి వదిలారు. కొనేవాడికి కావలసింది మిగిలింది, అమ్మేవాడి భారం సగం తగ్గింది. అంగడిలో కూర్చున్నవాడి మాట విని నియమం దిద్దడమంటే ఇదే.

2,525 కోట్ల రెన్యువల్

2020లో కరోనా వల్ల రాష్ట్రాల ఆదాయం పడిపోయినప్పుడు కేంద్రం అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామంది, కొన్ని సంస్కరణలు చేస్తేనే. వాటిలో ఒకటి వ్యాపార సౌలభ్యం. వ్యాపారులు తీసుకునే రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు ఊరికే రెన్యువల్ చేయించుకునే బెడద తొలగించాలన్నది అందులో ఒక షరతు. తనిఖీకి ఏ ఇన్‌స్పెక్టరు ఎక్కడికి వెళ్లాలో కంప్యూటరే తేల్చాలన్నది ఇంకొకటి. ఆ షరతులు నెరవేర్చిన మొదటి అయిదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. అందుకు దొరికిన అదనపు అప్పు అనుమతి 2,525 కోట్ల రూపాయలు. తెలంగాణకు 2,508 కోట్లు.

కాబట్టి ఎవరైనా మీ కాగితానికి రెన్యువల్ అడిగితే, అది రెన్యువలా, లేక కేవలం రుసుము కట్టి రసీదు తీసుకోవడమా అని మర్యాదగా అడగండి. రెండూ ఒకటి కావు. మందుల షాపులవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. 2017 అక్టోబరు దాకా వాళ్ల లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. ఆ నెలలో నియమం మారింది. అయిదేళ్లకోసారి రుసుము కడుతున్నంతకాలం, రద్దు చేస్తే తప్ప, లైసెన్సు బతికే ఉంటుంది.

ర్యాంకులు

రాష్ట్రాల వ్యాపార సౌలభ్య ర్యాంకుల్లో ఆంధ్రప్రదేశ్ 2015లో రెండోది. 2016లో తెలంగాణతో కలిసి 98.78 శాతంతో మొదటిది. 2018 జులైలో చెప్పిన ఫలితాల్లో 98.42 శాతంతో మళ్లీ మొదటిది. 2020 సెప్టెంబరులో వచ్చిన జాబితాలోనూ మొదటిదే. ఆ చివరి జాబితాకు ఒక ప్రత్యేకత ఉంది. శాఖలు పంపిన లెక్కల మీద కాకుండా, ఆ సేవలు వాడుకున్నవాళ్లను అడిగి వచ్చిన జవాబుల మీదే ర్యాంకులు కట్టారు. అడగడం మంచి మార్పు. పోర్టల్ దాకా వచ్చినవాళ్లనే కాకుండా, రాలేక ఆగిపోయినవాళ్లను కూడా అడిగితే ఇంకా మంచిది. వాళ్లు అడిగే మనుషుల్లో మా పిన్ని ఉండదు.

రేపల్లె కాగితం ఇప్పుడు ఎటు పోతుంది

తెనాలి, రేపల్లె మధ్య రైలు 1916 నుంచి నడుస్తోంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక ఆ రైలుమార్గానికి ఒక కొస గుంటూరు జిల్లా, ఇంకో కొస బాపట్ల జిల్లా. ఒకప్పుడు రేపల్లెలో చిన్న ఐస్ ఫ్యాక్టరీ పెట్టాలన్నా, తెనాలిలో పప్పు మిల్లు పెట్టాలన్నా ఫైలు గుంటూరు కలెక్టరేటుకే వెళ్లేది. ఇప్పుడు రేపల్లెది బాపట్లకు వెళ్తుంది.

వెళ్లి ఎవరి ముందు ఆగుతుంది? 2002లో ఆంధ్రప్రదేశ్ సింగిల్ విండో చట్టం చేసింది. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ ఉంటుంది. ఏ శాఖ దగ్గర ఏ దరఖాస్తు ఎన్నాళ్లుగా ఆగిందో ఆ కమిటీ ముందుకు రావాలి. 2015లో సింగిల్ డెస్క్ అని పేరు మార్చి, 21 పనిదినాల్లో అనుమతులన్నీ ఇస్తామన్నారు. తెలంగాణ 2014 చట్టంలో ఇంకొక అడుగు ముందుకేసి, జాప్యం చేసిన అధికారికి జరిమానా కూడా రాసింది. మన కలెక్టరు అధ్యక్షతన ఉండే ఆ జిల్లా కమిటీ గురించి రేపల్లె, నిజాంపట్నం వైపు చిన్న యూనిట్లవాళ్లకు తెలిసింది చాలా తక్కువ. అది పెద్దవాళ్ల వ్యవహారం అనుకుంటారు. కాదు. ఐస్ ఫ్యాక్టరీ ఫైలు కూడా దాని ముందు పెట్టదగిందే.

ఇంకొకటి. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని నాలుగు రంగులుగా విడదీసింది. అప్పుడు తెలుపులో 36 రకాలు పెట్టారు. వాటికి కాలుష్య మండలి అనుమతి అక్కర్లేదు, తెలియజేస్తే చాలు. ఫైలు పెట్టేముందు మీ పని ఏ రంగులో ఉందో చూసుకుంటే ఒక గడప తగ్గవచ్చు.

రొయ్యల చెరువు

ఇప్పటిదాకా చెప్పినదంతా వీధి, అంగడి గురించి. రేపల్లె నుంచి నిజాంపట్నం, అక్కణ్ణుంచి బాపట్ల సూర్యలంక దాకా వెళ్తే అనుమతి అన్న మాటకు వేరే అర్థం ఉంది. అక్కడ అది చెరువు కాగితం.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన తమిళనాడు సర్వోదయ నాయకుడు. ఉప్పునీటి రొయ్యల చెరువులు పొలాలనూ తాగునీటినీ పాడుచేస్తున్నాయన్నది ఆయన ఫిర్యాదు. సంప్రదాయ పద్ధతిలో సాగుచేసేవి తప్ప, తీర నియంత్రణ ప్రాంతంలో ఉన్న రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31లోగా తీసేయాలని కోర్టు ఆదేశించింది. కోస్తా జిల్లాల్లో అప్పు చేసి చెరువులు తవ్వుకున్నవాళ్ల గుండె జారిపోయింది. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. చెరువు గట్టు మీద నిలబడ్డవాడి దిగులులోనూ నిజం ఉంది. ప్రభుత్వం ఈ రెంటికీ కలిపి ఇచ్చిన జవాబు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం. చెన్నైలో కార్యాలయం పెట్టారు. సముద్రపు పోటు గీతకు 2 కిలోమీటర్ల లోపల ఉప్పునీటి సాగు చేసే ప్రతి చెరువుకూ రిజిస్ట్రేషన్ ఉండాలన్నారు. అది 5 ఏళ్లు చెల్లుతుంది.

చిన్న రైతు గుర్తుపెట్టుకోవలసింది 2 హెక్టార్ల గీత. అంటే మన లెక్కలో 5 ఎకరాలకు కాస్త తక్కువ. అంతవరకూ అయితే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ సిఫారసు నేరుగా అథారిటీకి వెళ్తుంది. అంతకు మించితే రాష్ట్ర స్థాయి కమిటీ గడప కూడా తొక్కాలి.

2005 చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా సాగుచేస్తే 3 ఏళ్ల దాకా జైలు అని ఉండేది. 2023 సవరణ ఆ జైలును తీసేసి జరిమానాలు, సాగు నిలుపుదల, రిజిస్ట్రేషన్ రద్దు లాంటి చర్యలు పెట్టింది. కాగితం లేని నేరానికి రైతును జైల్లో పెట్టకూడదన్నది సరైన మాట. అదే ఏడాది వచ్చిన జన్ విశ్వాస్ చట్టం 42 చట్టాల్లో 183 క్లాజులను ఇదే దారిలో మార్చింది.

2 కిలోమీటర్లు దాటి లోపలి పొలాల్లో తవ్విన చెరువులకు రాష్ట్ర చట్టం ఉంది. 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థను ఏర్పాటుచేసింది దాని కిందే. లైసెన్సు కాగితం లేకపోతే రేటు పడినప్పుడో, కరెంటు రాయితీ వచ్చినప్పుడో చెరువు రైతు లెక్కలోకి రాడు.

ఉద్యమ్ అంటే లైసెన్సు కాదు

2020 జులై 1 నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నడుస్తోంది. పూర్తిగా ఉచితం. కాగితాలు అప్‌లోడ్ చేయనక్కర్లేదు, మన మాట మీదే ఇస్తారు. దీనికి 1,500, 2,000 వసూలు చేసే ప్రైవేటు సైట్లను నేను చూశాను. వాటి రంగులూ ముద్రలూ ప్రభుత్వానివి లాగే ఉంటాయి. దయచేసి పైసా కట్టకండి. దీనివల్ల ట్రేడ్ లైసెన్సు గాని ఆహార రిజిస్ట్రేషన్ గాని తీసుకోనక్కర్లేదని కూడా అనుకోకండి. అప్పులకు, కొన్నవాళ్లు డబ్బు ఎగ్గొడుతుంటే ఫిర్యాదుకు ఇది పనికొస్తుంది. సరుకు కొన్నవాళ్లు 45 రోజులు దాటించకూడదని, దాటిస్తే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలని చట్టం.

కాటా సంగతి కూడా చెప్పాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. ఇనుప తూకపు రాళ్లకు, త్రాసుకు రెండేళ్లకోసారి. రెండేళ్ల రాళ్లకు ఏటా ముద్ర వేయించుకునేవాళ్లు మన సంతల్లో కనిపిస్తారు.

అదే మౌనం, ఇంకో అర్థం

మొదట చెప్పిన ఆహార చట్టంలో ఆఫీసు మౌనం అంటే ఔననడం. సమాచార హక్కు చట్టంలో మాత్రం మౌనం అంటే కాదనడం. 30 రోజుల్లో జవాబు రాకపోతే నిరాకరించినట్టు లెక్క. అది కూడా మన మేలుకే. నిరాకరించినట్టు లెక్కపడగానే అప్పీలు చేసుకునే దారి తెరుచుకుంటుంది.

మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకు గ్రామ స్థాయి ఆఫీసులో రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. తీసుకున్న నిర్ణయానికి కారణాలు, దానివల్ల ప్రభావితులైనవాళ్లకు తెలియజేయాలని కూడా ఆ చట్టం 4వ సెక్షన్‌లో చెబుతుంది. ఏం రాయాలంటారా? "ఫలానా తేదీన ఫలానా నెంబరుతో నేను పెట్టుకున్న దరఖాస్తు ఏ రోజున ఏ అధికారి దగ్గరకు వెళ్లింది, అక్కడ ఎన్ని రోజులు ఉంది, దాని మీద ఏం రాశారు, నకలు ఇప్పించగలరు." నాలుగు పంక్తులు. చాలాసార్లు ఈ కాగితానికి జవాబు రాకముందే అసలు కాగితం కదులుతుంది.

బాపట్లలో ఆహార సాంకేతిక కళాశాల ఉంది. పచ్చళ్లు, పొడులు, ఎండుచేపలు నిలవచేసే చదువు చెబుతారు. ఆ చదువు పక్కనే ఈ గడువుల చదువు కూడా మహిళా సంఘాల సమావేశాల్లో ఒక అరగంట చెబితే బాగుంటుంది. 2015 ఏప్రిల్ దాకా పచ్చళ్ల తయారీ చిన్న పరిశ్రమలకే కేటాయించిన వస్తువుల జాబితాలో ఉండేది. ఆ జాబితాలో చివరిదాకా మిగిలిన 20 వస్తువుల్లో అదొకటి. ఇప్పుడు పెద్ద కంపెనీలూ మా పిన్నీ ఒకే అంగట్లో ఉన్నారు. ఆ కంపెనీలకు కాగితాలు చూసుకునే మనుషులు వేరే ఉన్నారు.

పోయిన నెలలో పిన్ని మళ్లీ దరఖాస్తు పెట్టింది, ఈసారి ఆన్‌లైన్‌లో. వార్డు సచివాలయంలో ఒక అమ్మాయి ఓపిగ్గా కూర్చుని నింపిపెట్టింది. 100 రూపాయలు కట్టింది. సాయంత్రానికి నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. ఆవకాయ జాడీకి ఆనించి నిలబెట్టిన రసీదు. కింద పిన్ని మనవరాలితో టైపు చేయించిన మాట: "తారీఖు కనపడుతోందా నాన్నా?"